ఫీజు పేజీని ఆపి, ప్రకటనను వదిలేస్తుందేం?

నాచారంలోనో, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గరో ఏ నెట్ సెంటర్‌కైనా ఒక నోటిఫికేషన్ ఆఖరి రోజు సాయంత్రం వెళ్లి చూడండి. అప్లికేషన్ నింపడం అయిపోతుంది. ఫొటో, సంతకం అప్‌లోడ్ అవుతాయి. తీరా ఫీజు బటన్ నొక్కితే ఏమీ జరగదు. మళ్లీ నొక్కుతారు. మళ్లీ అంతే. పాప్‌అప్‌ను ఆపేశామని అడ్రస్ బార్ చివర చిన్న గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, కానీ ఆ కంగారులో ఎవరు చూస్తారు? చివరికి నెట్ సెంటర్ అన్న వచ్చి, సెట్టింగ్స్‌లో అన్ని సైట్లకూ పాప్‌అప్‌లు అనుమతించేస్తాడు. ఫీజు పేజీ తెరుచుకుంటుంది. మర్నాటి నుంచి ఆ కంప్యూటర్‌లో అడ్డమైన సైట్లన్నీ విండోలు తెరుస్తుంటాయి.

మనకు అవసరమైన ఫీజు విండోను ఆపే బ్రౌజర్, సినిమాల సైట్లో ఎక్కడ తాకినా ఊడిపడే రమ్మీ ప్రకటనను ఎందుకు ఆపదు?

ఎందుకంటే ఆ విండోలో ఉన్నది ఫీజా, ప్రకటనా అని బ్రౌజర్ చూడదు. (మోసపు సైట్లని ముందే గుర్తించినవాటి మీద క్రోమ్ ఇంకాస్త కఠినంగా ఉంటుంది, అది వేరే సంగతి.) అది చూసేది ఒక్కటే: విండో తెరవమని స్క్రిప్ట్ అడిగే వేళకు, అంతకుముందే మనిషి ఏదైనా నొక్కాడా? క్లిక్, ట్యాప్, కీ నొక్కడం లెక్కలోకి వస్తాయి. స్క్రోల్ చేయడం, మౌస్ కదపడం రావు. పేజీ లోడ్ కాగానే తనంతట తాను తెరుచుకోవాలని చూసే విండో అందుకే ఆగిపోతుంది.

ఆ క్లిక్‌కు గడువు కూడా ఉంది. దీన్నే ట్రాన్సియెంట్ యాక్టివేషన్ అంటారు. క్రోమ్‌లో అది సుమారు 5 సెకన్లు. సఫారీ ఇంకా పిసినారి. పైగా ఒక క్లిక్‌కు ఒక్క విండోనే, తెరవగానే ఆ క్లిక్ ఖర్చయిపోతుంది.

ఇప్పుడు ఫీజు బటన్ దగ్గరికి రండి. చాలా పోర్టళ్లలో బటన్ నొక్కగానే స్క్రిప్ట్ ముందు సర్వర్‌ను అడుగుతుంది, జవాబు వచ్చాకే విండో తెరుస్తుంది. మామూలు రోజుల్లో జవాబు ఒక సెకనులో వస్తుంది, విండో తెరుచుకుంటుంది. టెస్టింగ్‌లోనూ అంతే, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఆఖరి రోజు అందరూ ఒకేసారి మీద పడితే జవాబుకు పది సెకన్లు పడుతుంది. అప్పటికి క్లిక్ గడువు తీరిపోయింది. అంటే సరిగ్గా మనకు అవసరమైన రోజునే విండో ఆగిపోతుందన్నమాట!

ప్రకటనలవాళ్లకు ఈ బాధ లేదు. పేజీ మొత్తం మీద ఎక్కడ నొక్కినా పట్టుకునే స్క్రిప్ట్ పెట్టేస్తారు. మీరు ప్లే బటన్ నొక్కారనుకుంటారు. వాళ్లు ఆ క్లిక్‌ను వాడుకుని వెంటనే విండో తెరుస్తారు. రూల్ ప్రకారం అంతా సవ్యమే. ఇక పేజీలోపలే తెర అడ్డం పెట్టినట్టు వచ్చే 'సబ్‌స్క్రైబ్ చేయండి' డబ్బాలు అసలు విండోలే కావు, వాటితో బ్లాకర్‌కు పనే లేదు.

ఈ గొడవ పాతదే. 1990ల్లో ట్రైపాడ్ అనే సైటులో పనిచేసిన ఈథన్ జుకర్‌మన్ ప్రకటన కోసం విండో తెరిచే కోడ్ రాశాడు. 2014లో ది అట్లాంటిక్ పత్రికలో దానికి క్షమాపణ కూడా చెప్పాడు. 2004లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కూ బ్లాకర్ వచ్చింది. ఇరవై ఏళ్లు దాటినా మన పోర్టళ్లలో ఇంకా 'దయచేసి పాప్‌అప్ బ్లాకర్ తీసేయండి' అనే ఎర్రక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. నాకు అభ్యంతరం అక్కడే. తమ కోడ్ సరిచేసుకోకుండా, అప్లికేషన్ పెట్టే కుర్రాడిని తలుపు గడియ తీసి పెట్టుకోమనడం ఏం న్యాయం? ఫీజు పేజీని అదే ట్యాబ్‌లో తెరిస్తే సరిపోయె. కొత్త విండోనే కావాలంటే, క్లిక్ పడగానే ఖాళీ విండో తెరిచి, సర్వర్ జవాబు వచ్చాక అందులో అడ్రస్ పెట్టొచ్చు. విండో.ఓపెన్ నల్ ఇస్తే పక్కనే ఒక లింక్ చూపించొచ్చు.

ఉప్పల్ జెన్‌ప్యాక్ట్ నుంచి పోచారం ఇన్ఫోసిస్ దాకా గేట్లు చూస్తూ తిరిగే ఫ్రెషర్లకు ఒక మాట. ఎసింక్ అంటే ఏంటో నిర్వచనం బట్టీ పట్టే బదులు, ఒక పేజీలో మూడు బటన్లు పెట్టండి. ఒకటి వెంటనే, ఇంకోటి 2 సెకన్లకు, మూడోది 10 సెకన్లకు విండో తెరవాలి. బ్లాకర్ ఆన్‌లో ఉంచి క్రోమ్‌లో ఒక్కోటీ నొక్కి చూడండి. మొదటి రెండూ తెరుచుకుంటాయి, మూడోది ఆగిపోతుంది. ఎందుకో ఇంటర్వ్యూలో మీ మాటల్లో చెప్పండి.

ఈలోగా ఫీజు కట్టాల్సి వస్తే, అన్ని సైట్లకూ తలుపులు తెరవకండి. క్రోమ్‌లో అడ్రస్ బార్ కుడి చివరి గుర్తు నొక్కితే ఆగిన పేజీ లింక్ అక్కడే ఉంటుంది. ఆ ఒక్క సైటుకే అనుమతి ఇవ్వొచ్చు. రెండోసారి డబ్బు కట్టేముందు బ్యాంకు మెసేజ్ వచ్చిందేమో ఒకసారి చూసుకోండి.