మన్రోవిల్ చెప్పాల్సిన మరో కథ

అలబామాలోని మన్రో కౌంటీకి కేంద్రం మన్రోవిల్ అనే చిన్న ఊరు. నడిబొడ్డున గోపురంతో నిలిచిన 1903 నాటి కోర్టు భవనం ఇప్పుడు మ్యూజియం. ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవల రాసిన హార్పర్ లీ తండ్రి లాయరుగా వాదించింది ఇందులోని కోర్టు హాల్లోనే. ఆ నవలను సినిమాగా తీసినప్పుడు హాలీవుడ్ వాళ్లు ఈ హాలును చూసే కోర్టు సెట్ వేశారు. నిర్దోషి అయిన నల్లజాతీయుడికి శిక్షపడే ఆ కథను ఊరివాళ్లే ఏళ్లుగా ఇక్కడ నాటకంగా ఆడుతున్నారు. ఎంతైనా మెచ్చుకోవాలి. కానీ ఇదే ఊళ్లో జరిగిన హత్య కేసులో వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లజాతీయుడిని 1987లో అరెస్టు చేసి, విచారణ కాకముందే మరణశిక్ష పడిన ఖైదీల మధ్య ఉంచారు! లాయర్ బ్రయాన్ స్టీవెన్సన్ పోరాడితే 1993లో నిర్దోషిగా బయటపడ్డాడు. నవలలోని ఆ నిర్దోషి టామ్ రాబిన్సన్ కోసం కన్నీళ్లు పెట్టే సందర్శకులకు మెక్‌మిలియన్ కథను కూడా అదే హాల్లో, అంతే వివరంగా వినిపించాలి.