డయాలసిస్ రోగికి రక్తం ఎక్కిస్తే.. రేపు కిడ్నీ మార్పిడికి చిక్కేనా? ఉద్దానం తెలుసుకోవాల్సిన సంగతి

కిడ్నీ పాడైతే ఒంట్లో రక్తమూ తగ్గిపోతుంది. రక్తం తయారుచేయమని ఎముక మజ్జకు చెప్పే ఎరిత్రోపోయిటిన్ హార్మోన్ పుట్టేది ఎక్కువగా కిడ్నీల్లోనే మరి. పలాస, టెక్కలి, సోంపేట, కవిటిలో డయాలసిస్‌కు వెళ్లే కుటుంబాలకు ఇది తెలిసిన కష్టమే. హిమోగ్లోబిన్ బాగా పడిపోతే రక్తం ఎక్కించాల్సి వస్తుంది.

మరి వారాల తరబడి ఫ్రిజ్‌లో ఉన్న రక్తం రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుందా? ఎర్రకణాల బ్యాగ్‌ను అందులో కలిపే ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజుల దాకా దాచొచ్చు. రోజులు గడిచేకొద్దీ కొన్ని కణాలు పగిలిపోతాయి. అందులో మిగిలిన తెల్లకణాలు వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. వినడానికి భయంగానే ఉంది. కానీ 4 దేశాల్లో 20 వేల మందికి పైగా రోగులపై జరిగిన ఇన్‌ఫార్మ్ అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. తాజా రక్తం ఎక్కించినా, పాతది ఎక్కించినా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి "నిన్న తీసిందే కావాలి" అని బ్లడ్ బ్యాంక్ దగ్గర పట్టుబట్టి లాభం లేదు.

ఉద్దానం రోగులకు అసలు చిక్కు దాత తెల్లకణాలతోనే. వాటిని పరాయివిగా గుర్తించి రోగి ఒళ్లు యాంటీబాడీలు తయారుచేసుకోవచ్చు. రేపు అవే గుర్తులున్న కిడ్నీ దొరికినా క్రాస్‌మ్యాచ్ పరీక్షలో పాజిటివ్ వస్తుంది. మార్పిడి ఆగిపోవచ్చు. పిల్లల్ని కన్న తల్లులకు ముప్పు ఇంకా ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడే బిడ్డలోని తండ్రి గుర్తులపై యాంటీబాడీలు పుట్టి ఉండొచ్చు. అప్పుడు భర్తో, కొడుకో కిడ్నీ ఇస్తానన్నా సరిపోకపోవచ్చు.

తెల్లకణాలను ఫిల్టర్‌తో తీసేసిన రక్తం వాడితే ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. బ్రిటన్, కెనడా 1990ల చివర్లోనే అందరికీ ఆ రక్తమే ఇవ్వడం మొదలెట్టాయి. మన దగ్గర అది తప్పనిసరి కాదు, అడిగి తీసుకోవాల్సిందే.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. మంచిదే. అయితే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్, ఐరన్ ప్రతి డయాలసిస్ కేంద్రంలో వేళకు అందడం అంతకంటే తక్కువ విషయమేమీ కాదు. అవి అందితే చాలామందికి బ్యాగ్ అవసరమే పడదు.

అలాగని రక్తస్రావమైనప్పుడో, ప్రాణం మీదకొచ్చినప్పుడో రక్తం వద్దనకండి. మార్పిడి ఆలోచన ఉంటే మాత్రం ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. కిడ్నీ ఇవ్వాలనుకుంటున్న బంధువు రక్తాన్ని ఆ రోగికే ఎక్కించకుండా చూసుకోండి.