తాతగారి బొమ్మ కారు బీరువాలోనే ఉండాలి

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ ఇళ్లను ముంచెత్తినప్పుడు ట్రంకు పెట్టెల్లో దాచుకున్న ఎన్నో జ్ఞాపకాలు తడిసిపోయాయి. పాత లోహపు బొమ్మ కార్లు అలా నానితే ఉక్కు ఇరుసులు తుప్పు పడతాయి. జింకు మిశ్రమంతో పోతపోసిన పైభాగం మీద తెల్లని పొడి పేరుకుంటుంది. రంగు పెచ్చులుగా లేస్తుంది. వాటిని బాగుచేసి మనుమలకు ఇవ్వాలనిపించడం సహజం. బాగుచేయండి, కాని పిల్లల చేతికి ఇవ్వకండి అన్నది నా దృఢమైన అభిప్రాయం.

ఆ కాలపు రంగులలో, ముఖ్యంగా ఎరుపు, పసుపు రంగులలో, సీసపు సమ్మేళనాల వాడకం సర్వసాధారణం. అమెరికా 1978లో బొమ్మలపై సీసపు రంగులను నిషేధించింది. మన దేశంలో ఇళ్లకు వాడే రంగులలో సీసం 90 పి.పి.ఎం. మించరాదన్న నియమం 2017 నవంబరులో గాని అమలుకు రాలేదు. కనుక పాత కారు రంగులో సీసం ఉన్నదనే భావించాలి. మింగిన సీసాన్ని పసివారి శరీరం పెద్దలకన్న నాలుగైదు రెట్లు అధికంగా గ్రహిస్తుంది. మెదడుకు కలిగే ఆ నష్టం పైకి కనబడదు, తిరిగి పూడదు. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

“మేమూ వాటితోనే ఆడుకున్నాం, మాకేమైంది?” అని కొందరు అడుగుతారు. ఏమి కోల్పోయామో కొలిచి చూసినవారెవరు? పైన కొత్త రంగు వేసినా లాభం లేదు. రెండుసార్లు గోడకు గుద్దుకుంటే పాత పొర మళ్లీ బయటపడుతుంది.

బాగుచేసేవారికీ జాగ్రత్త అవసరమే. ఫ్యాను కింద పొడిగా రుద్దితే సీసపు ధూళి ఇల్లంతా వ్యాపిస్తుంది. ఆటోనగర్ పెయింటర్ల వలె నీళ్లు చల్లుతూ వాటర్ పేపరుతో రుద్దండి. చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడవండి. చేతులు సబ్బుతో కడిగిన తరువాతనే పిల్లలను ఎత్తుకోండి. రంగు ఊడదీసే ద్రవాలలో కొన్నింట మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. దాని ఆవిరి శరీరంలో కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. గుండెజబ్బు ఉన్నవారు దాని జోలికి పోరాదు. ఇతరులైనా మూసిన గదిలో వాడరాదు.

బాగుపడిన కారును అద్దాల బీరువాలో ఉంచి, దాని కథ మనుమడికి చెప్పండి. ఆడుకోవడానికి ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న కొత్త బొమ్మ కొనివ్వండి. పసివాడు పాత కారును ఇప్పటికే నోట పెట్టుకొని ఉంటే, రక్తంలో సీసం పరీక్ష గురించి పిల్లల వైద్యుణ్ణి అడగండి.