గొంతుకు మార్కులు వేయడమెలా?

మింగితే దిగదు, కాకరిస్తే రాదు. గొంతులో ఏదో అడ్డం పడినట్టే ఉంటుంది. పొద్దున్న లేచేసరికి గొంతు బొంగురు. "జలుబు చేసిందేమో" అంటారు ఇంట్లోవాళ్ళు. పక్కింటివాళ్ళు మిరియాల కషాయం చెబుతారు. డాక్టరు గారి దగ్గరకు వెళ్తే, మందు రాయడానికి ముందు ఒక ప్రశ్నల కాగితం చేతికిచ్చి, మార్కులు వేయమంటారు. విసుక్కోకండి. ఆ కాగితానికో కథ ఉంది.

కడుపులోని ఆమ్లం, దానితోపాటు పెప్సిన్ అనే ఎంజైము ఆహారనాళం గుండా పైకెగదన్ని గొంతు దాకా రావచ్చు. కడుపు గోడ తట్టుకున్నట్టు స్వరపేటిక పొర తట్టుకోలేదు. కొద్దిపాటి తాకిడికే వాస్తుంది. చిత్రమేమిటంటే, వీరిలో చాలామందికి ఛాతీలో మంటే ఉండదు. అందుకే "పులితేన్పులైనా లేవు, కడుపుకూ గొంతుకూ ఏమిటండీ సంబంధం?" అని అడుగుతారు.

2002లో అమెరికా వైద్యులు బెలాఫ్‌స్కీ, పోస్ట్‌మా, కూఫ్‌మన్ 9 ప్రశ్నల పట్టీ ఒకటి ప్రకటించారు. గొంతు బొంగురు, మాటిమాటికీ సవరించుకోవడం, కఫం, మింగడంలో ఇబ్బంది, భోంచేశాక గానీ పడుకున్నాక గానీ దగ్గు, ఊపిరాడకపోవడం లేదా పొలమారడం, విసిగించే దగ్గు, గొంతులో ఉండ, ఛాతీలో మంట. గడచిన నెలరోజుల్లో ఒక్కొక్కటీ ఎంత బాధించిందో 0 నుంచి 5 వరకు మీరే వేసుకోవాలి. మొత్తం 45. 13 దాటితే అనుమానించాలన్నారు.

ఇంగ్లీషు వచ్చినవారికి సరే. రానివారికి అనువదిస్తే సరిపోతుంది కదా అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు. 'హార్ట్‌బర్న్'ను 'గుండెమంట' అంటే పెద్దవాళ్ళు గుండెజబ్బనుకుని హడలిపోతారు. 'కడుపుమంట' అంటే "నాకెవరిమీదా లేదు నాయనా" అనే మామ్మగారూ ఉంటారు. 'గ్యాసు' అని అడిగితే మనలో లేదనేవాడే ఉండడు! గొంతు సవరించుకోవడమంటారా, పాటకు ముందు భాగవతారు కూడా చేస్తాడు. నర్సమ్మ అప్పటికప్పుడు నోటికొచ్చిన తెలుగులో అడిగితే మనిషికో ప్రశ్న అవుతుంది. మాట జారితే మార్కు మారుతుంది, మార్కు మారితే మందు మారుతుంది. అక్కరలేనివాడు నెలల తరబడి ఆమ్లం తగ్గించే మాత్రలు మింగుతాడు. కావలసినవాడు దగ్గుమందు సీసాలు ఖాళీ చేస్తూ ఉంటాడు.

అందుకని అనువాదానికీ పరీక్ష పెడతారు. మామూలుగా ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. అసలు చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. అసలుకూ దీనికీ తేడా వస్తే మాట సరిచేస్తారు. తరువాత కొందరు రోగులకిచ్చి "ఈ ప్రశ్న మీకేమర్థమైంది?" అని అడుగుతారు. వైద్యం మొదలుపెట్టకముందే కొన్నిరోజుల తేడాతో అదే మనిషి చేత రెండుసార్లు మార్కులు వేయిస్తారు. రెండూ దగ్గరగా ఉండాలి. ఏ జబ్బూ లేనివారికీ ఇస్తారు. వారికీ రోగులకూ ఒకేలా మార్కులొస్తే ఆ కాగితం చిత్తుకాగితమే. ఇటాలియన్, గ్రీకు, అరబ్బీ, హీబ్రూ వంటి భాషల్లో ఇలా పరీక్షించారు. 13 అన్న గీత కూడా అమెరికాలో గీసినదే. వేరే భాషలో, వేరే తిండి తినేవారిలో అది నిలుస్తుందా అని చూసుకోవలసిందే.

అయితే మార్కులు ఎక్కువొచ్చినంత మాత్రాన ఈ జబ్బేనని అనుకోకండి. ఎలర్జీ, ఆస్త్మా, పొగతాగడం కూడా ఇవే బాధలు తెస్తాయి. బొంగురు 4 వారాలు దాటినా, మెడలో గడ్డ కనిపించినా, కఫంలో రక్తం పడినా, ముద్ద దిగకపోయినా, కాగితం పక్కనపెట్టి ముక్కు, చెవి, గొంతు డాక్టరుచేత స్వరపేటిక చూపించుకోండి. చుట్ట, బీడీ అలవాటున్నవారు అసలు ఆలస్యం చేయకూడదు. ఛాతీనొప్పి చేతికి పాకి చెమటలు పడితే మార్కులు వేసుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

రాత్రి భోజనానికీ పడకకూ మధ్య 3 గంటలు ఉంచండి. మార్కులు ఎవరినీ అడక్కుండా మీరే వేసి, తేదీ రాసి దాచుకోండి. వైద్యం కొన్నాళ్ళు సాగాక అదే కాగితం మీద మళ్ళీ వేసి, రెండూ డాక్టరు గారికి చూపండి.