పచ్చబొట్టుపై పూసే లేపనం: అలంకారమా, ఔషధమా?

న్యూఢిల్లీ: టాటూలకు వాడే సిరా నమూనాల పరీక్షల్లో 22 రకాల లోహాలు బయటపడ్డాయని 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ఆరోగ్యశాఖ మంత్రి దినేశ్ గుండూరావు వెల్లడించారు. ఈ సిరాలకు ప్రమాణాలు నిర్ణయించవలసిందిగా కేంద్రాన్ని కోరతామని ఆయన ప్రకటించారు. నాటి చర్చ ప్రధానంగా సూది, సిరాల చుట్టూనే సాగింది. సూది పని ముగిశాక అదే చర్మంపై రెండు మూడు వారాల పాటు, రోజుకు పలుమార్లు పూసే లేపనం మాత్రం ఆ చర్చలో పెద్దగా చోటు చేసుకోలేదు.

నిజానికి ఇప్పుడు ఆలోచించవలసింది ఆ లేపనం గురించే. నగరాల్లోని టాటూ స్టూడియోలకు బొమ్మ వేయడం ద్వారా వచ్చే ఆదాయం ఒక్కసారితో ముగిసిపోతుంది. సొంత పేరుతో సబ్బు, లేపనం, సన్‌స్క్రీన్ అమ్మగలిగితే అదే ఖాతాదారు మళ్లీ మళ్లీ వస్తాడు. ఇందుకు కర్మాగారం కట్టవలసిన పని లేదు. హిమాచల్ ప్రదేశ్‌లోని బద్దీ, ఉత్తరాఖండ్‌లోని హరిద్వార్ వంటి చోట్ల ఇతరుల బ్రాండ్లకు సరుకు తయారుచేసి ఇచ్చే సంస్థలు ఉన్నాయి. సిద్ధంగా ఉన్న సూత్రీకరణను ఎంచుకుని, డబ్బాపై తమ పేరు ముద్రించుకుంటే చాలు, సరుకు చేతికి వస్తుంది. వ్యాపార భాషలో దీన్నే ప్రైవేట్ లేబుల్ అంటున్నారు.

మార్గం సులువుగా కనిపిస్తుంది. అయితే డబ్బాపై పేరు మారినంత మాత్రాన బాధ్యత తయారీదారు వద్దే ఉండిపోతుందనుకోవడం పొరపాటు. చట్టం ఆ పేరు గలవారిని కూడా తయారీదారుగానే చూస్తుంది.

మానని చర్మం

టాటూ సూది చర్మం పైపొరను దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున ఉన్న లోపలి పొరలోకి సిరాను దింపుతుంది. వేలసార్లు గుచ్చుకున్న ఆ చోటు వైద్యపరంగా ఒక గాయమే. పైపొర మూసుకోవడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంతవరకు చర్మపు సహజ రక్షణ అక్కడ ఉండదు. సూక్ష్మజీవులు, సుగంధ ద్రవ్యాలు, రంగులు మామూలు చర్మంలోకన్నా తేలికగా లోపలికి చేరతాయి.

ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. తెలుగునాట ఎరుకల స్త్రీలు పచ్చబొట్టు పొడిచిన తరువాత పసుపు రాయడం ఆనవాయితీగా ఉండేది. మధ్య భారతంలో బైగా, గోండు స్త్రీల గోద్నాకు కూడా పొడిచాక పాటించే ఇంటి పద్ధతులు ఉన్నాయి. అవి ఇంట్లో వాడుకునే ద్రవ్యాలు. నేడు అదే అవసరం డబ్బాలోకి ఎక్కి, ధర కట్టుకుని, ఊరు దాటి అమ్ముడవుతోంది. సరుకుగా మారిన మరుక్షణం అది చట్టం పరిధిలోకి వస్తుంది.

ఒక్క మాటతో మారే వర్గం

ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 1940 ప్రకారం శరీరాన్ని శుభ్రపరచడానికి, అందాన్ని, ఆకర్షణను పెంచడానికి, రూపాన్ని మార్చడానికి ఉద్దేశించినది సౌందర్య సాధనం. వ్యాధిని లేదా రుగ్మతను నయం చేయడానికి, తగ్గించడానికి, నివారించడానికి ఉద్దేశించినది ఔషధం. రెండు నిర్వచనాల్లోనూ కీలకమైనది ఉద్దేశం. ఆ ఉద్దేశం ప్రధానంగా లేబుల్‌పై రాసిన మాటల్లో, ప్రకటనల్లో బయటపడుతుంది.

‘చర్మానికి తేమనిస్తుంది’, ‘మృదువుగా ఉంచుతుంది’, ‘రంగు కాంతిని కాపాడుతుంది’ అన్నంతవరకు అది సౌందర్య సాధనమే. ‘గాయాన్ని మాన్పుతుంది’, ‘ఇన్ఫెక్షన్‌ను అడ్డుకుంటుంది’, ‘వాపు, నొప్పి తగ్గిస్తుంది’ అని రాయగానే డబ్బాలోని పదార్థం మారకపోయినా అది ఔషధమనే వాదనకు తావిచ్చినట్టే. ఔషధ లైసెన్సు లేకుండా ఔషధాన్ని తయారుచేసి అమ్మడం అదే చట్టం కింద కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలుశిక్షకు దారితీసే నేరం. నియోమైసిన్ వంటి యాంటీబయాటిక్, లిడోకెయిన్ వంటి మత్తుమందు కలిపితే వాదనకు కూడా అవకాశం ఉండదు.

లిడోకెయిన్ విషయంలో అమెరికా అనుభవం గమనార్హం. టాటూ వంటి ప్రక్రియలకు ముందు, తరువాత పూసుకునే కొన్ని నొప్పి నివారణ లేపనాల్లో ఈ మందు మోతాదు అనుమతించిన 4 శాతాన్ని మించి ఉందని 2024 మార్చిలో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. దెబ్బతిన్న చర్మంపై, ఎక్కువ మేర పూస్తే గుండె లయ తప్పడం, మూర్ఛ, శ్వాస ఇబ్బందులు తలెత్తే ప్రమాదం ఉందని పేర్కొంది.

‘ఆయుర్వేద’ అన్న మాట కూడా ఉచితంగా వాడుకునేది కాదు. వేప, పసుపు కలిపినంత మాత్రాన ఉత్పత్తి ఆయుర్వేద ఔషధం కాదు. ఆ పేరుతో అమ్మాలంటే అదే చట్టంలో వేరే అధ్యాయం, వేరే లైసెన్సు ఉన్నాయి. టాటూపై అంటించే పారదర్శక పొరలను కూడా ఈ శ్రేణిలో చేర్చాలనుకునేవారు మరో నియమావళిని చూసుకోవాలి. గాయాలపై వేసే డ్రెస్సింగులు వైద్య పరికరాల నియమావళి, 2017 పరిధిలోకి వస్తాయి.

లైసెన్సు ఒకరిది, పేరు మరొకరిది

సౌందర్య సాధనాల తయారీని 2020 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సౌందర్య సాధనాల నియమావళి నియంత్రిస్తోంది. తయారీ లైసెన్సును సీఓఎస్-8 పత్రంపై, ఇతరుల కర్మాగారాన్ని వాడుకుని తయారుచేయించుకునే లోన్ లైసెన్సును సీఓఎస్-9 పత్రంపై రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు ఇస్తారు. విదేశాల నుంచి తయారైన సరుకునే తెచ్చుకుంటే కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ వద్ద నమోదు తప్పనిసరి.

ఒప్పందానికి ముందు స్టూడియో యజమాని అడగవలసిన మొదటి పత్రం ఆ లైసెన్సు ప్రతి. తన ఉత్పత్తి ఏ వర్గానికి చెందుతుందో, ఆ వర్గం లైసెన్సులో ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, గడువు, పదార్థాల జాబితా లేబుల్‌పై ఉండాలి. గరిష్ఠ చిల్లర ధర, నికర పరిమాణం, వినియోగదారుల ఫిర్యాదుల చిరునామా వంటివి 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నియమాల ప్రకారం ముద్రించాలి.

కొందరు ఖర్చు తగ్గించుకోవడానికి లేపనాన్ని పెద్ద డబ్బాల్లో కొని, స్టూడియోలోనే చిన్న డబ్బాల్లో నింపి, తమ లేబుల్ అంటించాలనుకుంటారు. చట్టం దృష్టిలో తయారీ అంటే కలపడం, ఉడికించడం మాత్రమే కాదు. అమ్మకం కోసం నింపడం, ప్యాక్ చేయడం, లేబుల్ వేయడం కూడా తయారీలో భాగమే. సాధారణ చిల్లర వ్యాపారంలో పొట్లం కట్టడానికి ఉన్న మినహాయింపును సొంత బ్రాండు సరుకుకు వర్తింపజేసుకోవడం ప్రమాదకరం. లేబుల్ సహా పనంతా లైసెన్సున్న చోటే ముగియాలి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఈ బాధ్యతను మరింత స్పష్టం చేసింది. ఇతరులు తయారుచేసిన వస్తువుపై తన గుర్తు వేసుకున్నవారిని, వేయించుకున్నవారిని ఆ చట్టం ‘ఉత్పత్తి తయారీదారు’ నిర్వచనంలో చేర్చింది. తయారీలో లోపం, రూపకల్పనలో లోపం, ఇచ్చిన హామీకి తగ్గట్టు లేకపోవడంతో పాటు, సరైన వాడకం గురించి తగిన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం కూడా నష్టపరిహారం కోరడానికి ఆధారమే. లేపనం పూసిన చోట బొబ్బలు లేచాయని ఒక వినియోగదారు జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తే, ‘మేం తయారుచేయలేదు, పేరు మాత్రమే మాది’ అన్న జవాబు చెల్లదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తొలిసారి 10 లక్షల రూపాయల వరకు, పునరావృతమైతే 50 లక్షల వరకు జరిమానా విధించగలదు.

డబ్బాలో ఏముండాలి

సిద్ధంగా ఉన్న సూత్రీకరణలు ఎక్కువగా మామూలు చర్మాన్ని దృష్టిలో ఉంచుకుని రూపొందించినవి. ముఖానికి రాసే క్రీమును పేరు మార్చి టాటూ క్రీముగా అమ్మడం ఈ రంగంలో సులువుగా జరిగిపోయే తప్పు. మానని చర్మానికి పరిమళం, రంగు, టీట్రీ, లవెండర్ వంటి సుగంధ తైలాలు లేని సూత్రీకరణ మేలు. అలర్జీకి కారణమయ్యే పదార్థం ఎంత సహజమైనదైనా అలర్జీని కలిగిస్తుంది. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ ఇందుకు ఒక ఉదాహరణ. పాంథెనాల్, అల్లంటోయిన్, డైమెథికోన్, షియా బటర్ వంటివి ఈ తరహా లేపనాల్లో విరివిగా కనిపిస్తాయి.

నీరున్న క్రీముకు, నీరు లేని లేపనానికి ఉన్న తేడా ఇక్కడ ముఖ్యం. నీరుంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి కనుక నిల్వకారకాలు తప్పవు. ‘నిల్వకారకాలు లేవు’ అన్న ప్రకటన ఆకర్షణీయమే కానీ, నీరున్న క్రీము విషయంలో అది గొప్ప కాదు, ముప్పు. నీరు లేని లేపనంలో ఆ ముప్పు తక్కువ. అయితే తడి వేళ్లతో తోడుకునే డబ్బా కన్నా నొక్కి తీసుకునే ట్యూబు అన్నివిధాలా సురక్షితం.

పరీక్షల విషయంలో మూడింటిని వదులుకోకూడదు. మొదటిది ప్రతి బ్యాచ్‌లో సూక్ష్మజీవుల పరీక్ష. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 17516 ప్రకారం స్యూడోమోనాస్ ఎరుజినోసా, స్టెఫైలోకాకస్ ఆరియస్ వంటి హానికర క్రిములు నమూనాలో కనిపించకూడదు. రెండవది నిల్వకారకం నిజంగా పనిచేస్తోందో తేల్చే పరీక్ష. మూడవది స్థిరత్వ పరీక్ష. వేసవిలో 45 డిగ్రీలు తాకే మన ఊళ్లలో, ఎండలో నిలిచిన డెలివరీ వాహనంలో లేపనం కరిగి, మళ్లీ గట్టిపడి, గరుకుగా మారడం సహజం. గదిలో బాగున్న నమూనాను చూసి ఆర్డరు ఇస్తే ఆ లోపం కొనుగోలుదారు చేతిలో బయటపడుతుంది.

లెక్క, ఒప్పందం

తయారీదారులు సాధారణంగా ఒక కనీస పరిమాణానికి తగ్గితే ఆర్డరు తీసుకోరు. నెలకు 100 డబ్బాలు అమ్మగల స్టూడియో 2,000 డబ్బాలు తీసుకున్నదనుకుందాం. అవి చెల్లడానికి 20 నెలలు పడుతుంది. గడువు 24 నెలలైతే చివరి డబ్బా కొన్నవారికి మిగిలేది నాలుగు నెలలే. ఒక్కో డబ్బాపై ధర తగ్గిందన్న ఆనందం గడువు తీరిన సరుకుగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. సబ్బు, క్రీము, సన్‌స్క్రీన్ అన్నీ ఒకేసారి మొదలుపెట్టే కన్నా, పరిమళం లేని ఒక్క లేపనంతో ఆరంభించడం చిన్న పెట్టుబడిదారులకు క్షేమం.

ధర కన్నా ముందు ఒప్పందంలో తేలవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. సూత్రీకరణ ఎవరి సొత్తు? తయారీదారు మారితే అదే లేపనం దొరుకుతుందా? ముడి పదార్థం మార్చే ముందు రాతపూర్వక అనుమతి తీసుకుంటారా? ప్రతి బ్యాచ్‌కు పరీక్షా పత్రం, భద్రపరచిన నమూనా ఉంటాయా? సరుకును మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించవలసి వస్తే ఖర్చెవరిది? వీటికి కాగితంపై జవాబులు లేని ఒప్పందంలో నష్టం చివరకు పేరున్నవారిపైనే పడుతుంది.

ప్రభుత్వం పూరించవలసిన ఖాళీ

చిన్న వ్యాపారులపైనే భారమంతా మోపడం న్యాయం కాదు. ఐరోపా సమాఖ్య 2022 జనవరి 4 నుంచి టాటూ సిరాల్లో 4,000కు పైగా రసాయనాలపై పరిమితులు విధించింది. సిరాల తయారీలో పరిశుభ్రతపై అమెరికా నియంత్రణ సంస్థ 2024 అక్టోబరులో తుది మార్గదర్శకాలు జారీచేసింది. మన దేశంలో టాటూ వేయించుకున్నవారి నుంచి 12 నెలల పాటు రక్తదానం స్వీకరించకూడదన్న నిబంధన ఉంది. అంటే సూది వల్ల కలిగే ముప్పును రక్తనిధి గుర్తించింది. ఆ ముప్పు పుట్టే చోట, అంటే స్టూడియోలో, సిరాలో, లేపనంలో, అదే స్థాయి స్పష్టత రావలసి ఉంది.

ఇందుకు కొత్త చట్టమే అక్కరలేదు. టాటూ అనంతర లేపనాలపై ఏ మాటలు సౌందర్య సాధనానికి చెల్లుతాయో, ఏవి ఔషధానికి చెందుతాయో తెలిపే మార్గదర్శక పత్రం చాలావరకు సందిగ్ధతను తొలగిస్తుంది. మానని చర్మానికి ఉద్దేశించిన ఉత్పత్తులకు సూక్ష్మజీవుల పరిమితిని మామూలు క్రీముల కన్నా కఠినంగా నిర్ణయించవచ్చు. కర్ణాటక లేవనెత్తిన సిరా ప్రమాణాల ప్రశ్నతో పాటే దీనినీ పరిష్కరించడం సమంజసం.

అంతవరకు వినియోగదారు చేతిలో ఉన్న ఆయుధం లేబులే. పదార్థాల జాబితా, బ్యాచ్ సంఖ్య, గడువు, తయారీ లైసెన్సు సంఖ్య లేని డబ్బాను ఎంత పేరున్న కళాకారుడు చేతికిచ్చినా తిరస్కరించడమే మంచిది. ఎరుపు వ్యాపించినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా లేపనంతో సరిపెట్టుకోక వైద్యుణ్ని సంప్రదించాలి. సొంత బ్రాండు కలలు కనే స్టూడియోలకు కూడా హెచ్చరిక ఇదే. పచ్చబొట్టు కట్టె కాలేవరకు తోడుంటుందంటారు. దాని మీద పూసే లేపనానికి పేరు పెట్టేవారు ఆ చర్మానికి పూచీ పడుతున్నామని ముందుగా గ్రహించాలి.