పిన్ని బస్సెక్కింది... పిల్లలో?

ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలంటే గుణదలలో ఇంటింటా చుట్టాలే. 'నేనొక్కదాన్నే వస్తున్నా' అని ఫోన్ చేసిన పిన్ని నలుగురితో దిగుతుంది. లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలదీ అదే వరస. ఫొటోలు దిద్దుకుందామని ఒక్క ప్రోగ్రామ్ వేస్తే, దాని వెంట బోలెడు లైబ్రరీలు వచ్చి కూర్చుంటాయి. రెండ్రోజులకి మోజు తీరి ప్రోగ్రామ్‌ని తీసేస్తాం. పిన్ని బస్సెక్కింది, పిల్లలు మాత్రం ఇంట్లోనే ఉన్నారు!

డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్‌లలో ఈ లెక్కలు చూసే గుమస్తా పేరు ఆప్ట్. మీరు అడిగి తెచ్చుకున్నదేది, తోడుగా వచ్చిందేది... విడివిడిగా రాసి పెట్టుకుంటుంది. టెర్మినల్‌లో 'సుడో ఆప్ట్ ఆటోరిమూవ్' అని కొడితే, ఇక ఎవరికీ అక్కర్లేని తోడువాళ్లనే పంపిస్తుంది. ఇంకో ప్రోగ్రామ్‌కి పని ఉన్నవాటిని కదపదు. ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ జోలికీ పోదు.

మరి భయమెక్కడ? పంపేముందు ఆప్ట్ ఓ జాబితా చూపించి, 'కానివ్వమంటారా?' అని ఆగుతుంది. చదివే ఓపిక ఎవరికుంది... 'వై' నొక్కేస్తారు. 2021లో కెనడా యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ (లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కాదు సుమా) చేసిందీ ఇదే. పాప్ ఓఎస్‌లో ఆటల కోసం స్టీమ్ వేయబోతే, ముఖ్యమైన ప్యాకేజీలు పోతాయని ఆప్ట్ హెచ్చరించింది. 'అవును, నేను చెప్పినట్టే చెయ్యి' అన్న అర్థమొచ్చే ఇంగ్లిషు వాక్యం టైపు చేస్తేనే ముందుకెళ్తానంది. ఆయన చేశాడు. డెస్క్‌టాప్ మొత్తం మాయం! తప్పు ఆ ప్యాకేజీదే అయినా, పోయేవాటి పేర్లు కళ్లెదుటే ఉన్నాయి. ఆ తర్వాత ఆప్ట్‌లో ఆ దారిని కట్టుదిట్టం చేశారు.

అందుకే ముందు 'ఆప్ట్ హైఫన్ ఎస్ ఆటోరిమూవ్' అనండి. ఏదీ తీయదు, ఏం తీస్తుందో చూపిస్తుందంతే. అందులో డెస్క్‌టాప్ అనో, నెట్‌వర్క్ మేనేజర్ అనో కనిపించిందా, ఆగిపోండి. మీరు వాడుకునేదే ఆ జాబితాలో ఉంటే 'సుడో ఆప్ట్‌హైఫన్‌మార్క్ మాన్యువల్' అని కొట్టి దాని పేరు చేర్చండి. ఇది నేను పిలిచిన చుట్టమే అని చెప్పినట్టు. ఇక దాన్ని ఆటోరిమూవ్ ముట్టుకోదు. 'లిబ్' అని మొదలయ్యే పేర్లు చూసి ఇదెందుకులే అని సొంతంగా పీకడం మాత్రం వద్దు.

డిస్కులో చోటు చాలకపోవడమే బాధైతే, ముందు 'సుడో ఆప్ట్ క్లీన్' సరిపోతుందేమో చూడండి. దింపుకున్న ప్యాకేజీ ఫైళ్లే పోతాయి, వేసుకున్న ప్రోగ్రాములు అలాగే ఉంటాయి. 'రిమూవ్' బదులు 'పర్జ్' అంటే ప్రోగ్రామ్‌తో పాటు దాని సిస్టమ్ సెట్టింగులూ పోతాయి. మీ హోమ్ ఫోల్డర్‌లోని పెళ్లి ఫొటోల జోలికి రెండూ రావు.