పార్టీకి ప్రెట్జెల్, పక్కన చేగోడీ

పార్టీ అంటే ప్యాకెట్లు చించడమేనా పిల్లలూ? మేము ఒప్పుకోం.

వరాఛాలో మా ఇంట్లో వీడ్కోలు విందుకు పిల్లలు ప్రెట్జెల్, చీజ్ డిప్ కావాలన్నారు. మేము చేగోడీలన్నాం. చివరికి రెండూ చేశాం. చూడబోతే దూరపు చుట్టాలే! ఈస్ట్‌తో పొంగిన మైదాముద్దను తాడులా పేని, ముడివేసి, వంటసోడా వేసిన మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి కాలిస్తే ప్రెట్జెల్. ఆ సోడా వల్లే పైన ఎర్రటి రంగు. చేగోడీకైతే మరిగే నీళ్లలోనే బియ్యప్పిండి పోసి, నానిన పెసరపప్పు కలిపి, ఉంగరంలా చుట్టి నూనెలో వేయిస్తాం.

డిప్ మాత్రం చెడింది. వెన్నలో మైదా వేయించి, పాలు పోసి, పొయ్యి ఆర్పాక చీజ్ వేయాలి. మేము మంట మీదే వేశాం. నూనె తేలి పలుకులు కట్టింది. పక్కింటి గుజరాతీ ఆంటీ నవ్వి "లోచో!" అన్నారు. లోచో అంటే తికమక, పొరపాటు. సూరత్ అంతా సేవ్, ఉల్లిపాయ చల్లుకుని తినే లోచో కూడా ఖమణ్ చేయబోతే కుదరక పుట్టిందేనట.

"మీ ఊరి తిండేది?" అని ఎవరైనా అడిగితే బదిలీల పిల్లలు తడబడతారు. పుట్టిందొకచోట, చదివేది నాలుగుచోట్ల. కొన్న చిప్స్ ఆ ప్రశ్నకు జవాబు కావు. చేతికి పిండి అంటితేనే ఏ ఊరి వంటైనా మీదవుతుంది, చెడినా సరే.

ఆ సాయంత్రం ముందుగా అయిపోయింది చేగోడీలే. వాటినీ డిప్‌లో ముంచుకునే తిన్నారు.